రేడియోలో ఉప్పుచేప

రేడియో మోగుతున్న గదిలో ఇంటి సంగతులు మాట్లాడే అలవాటు నాకు ఇప్పటికీ లేదు. కోడలు వంటింట్లో పాటలు పెట్టుకుని పక్కింటి కబురేదో మొదలుపెడితే, ముందు వెళ్లి దాని నోరు కట్టేసి వచ్చి, అప్పుడు చెప్పమంటాను. అది వినదు అత్తయ్యా, చెప్పడం ఒక్కటే దాని పని అంటుంది నవ్వుతూ. ఆ మాత్రం నాకు తెలియక కాదు. ఏళ్ల తరబడి సర్కారు బడిలో పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించినదాన్ని. కానీ మా ఊళ్లో ఒక రేడియో చేసిన పని చిన్నప్పుడు కళ్లారా చూశాను. పోయిన నెల టేర్ రూజ్‌లో మా ఆడబిడ్డ అత్తగారి దినానికి వెళ్లినప్పుడు, భోజనాల దగ్గర ఒక ముసలామె అన్న నాలుగు మాటలతో ఆ పాతదంతా మళ్లీ కదిలింది. ఎవరినీ తేలిగ్గా నమ్మదని నా గురించి బంధువులు అనుకుంటారు. అనుకోనివ్వండి. నేనలా పుట్టలేదు, అలా తయారయ్యాను.

సాంత్ర్ ద ఫ్లాక్ పట్నం నుంచి బస్సు చెరకు తోటల మధ్యగా దిగుతూ దిగుతూ ఇక వెళ్లడానికి దారి లేక సముద్రం దగ్గర ఆగిపోయే ఊరు మాది. పేరు రాయను. రాస్తే ఇప్పటికీ ఏ ఇల్లు, ఎవరి ముత్తవ్వ అని ఆరా తీసేవాళ్లు అక్కడ ఉన్నారు. ఒడ్డునంతా చేపలు పట్టే క్రెయోల్ కుటుంబాలు, రోడ్డు మలుపులో చైనా ఆయన బుతిక్ దుకాణం, దాని వెనక సందులో మా తెలుగు వాళ్ల ఇళ్లు. తోటలో పనికని ఈ దీవికి ఓడెక్కి వచ్చిన తాతల సంతతి అంతా ఆ సందులోనే. బజార్లో క్రెయోల్ మాట్లాడేవాళ్లం, పక్క వీధి వాళ్లతో భోజ్‌పురి. తెలుగు దేవుడి ముందు పనికొచ్చేది, తర్వాత పిల్లల్ని తిట్టడానికి. గాలి సముద్రం వైపు నుంచి వీస్తే రేకుల మీద ఎండబెట్టిన చేపల వాసన, తోట వైపు నుంచి వీస్తే మిల్లులో కాగే చెరకు రసం వాసన. అమ్మోరు పండగకు ముందు నిష్ఠ పట్టిన రోజుల్లో మాత్రం పెద్దవాళ్లు సముద్రం వైపు గాలిని కూడా అనుమానంగానే పీల్చేవారు.

మా నాన్న తోటవారి లారీ నడిపేవాడు. అక్కడ కూలీల మీద సిర్దార్ ఒకాయన కొత్త రేడియో కొనుక్కుని పాతది నాన్నకిచ్చేశాడు. సందులో అదే మొదటి రేడియో. వరండాలో చెక్క బల్ల మీద పెట్టి, ఎర్రంచు గుడ్డ కప్పి ఉంచేది మా నాయనమ్మ. భక్తి పాట వస్తే గుడ్డ తీసి దణ్ణం పెట్టేది. నాన్న గొంతు పెంచి అమ్మ మీద అరవడం మొదలెడితే పరుగున వచ్చి గుడ్డ కప్పేసేది. ఆ ఊళ్లో రేడియోని మొదట అనుమానించింది మా నాయనమ్మే. వారానికోసారి సాయంత్రం కాసేపు తెలుగు కార్యక్రమం వచ్చేది. ఆ రోజు సందులో ఆడవాళ్లంతా మా వరండాలో చేరేవారు. అమ్మ పెద్ద గిన్నెలో వెనీలా వేసిన టీ కాచేది, పప్పు రుబ్బి మిరపకాయ ముక్కలు కలిపి గాతో పిమాలు వేయించేది. మాంటాన్ బ్లాంష్ నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన మనిషి. సముద్రం తెలియదు, ఈ ఊరి ఆడవాళ్ల మాటలోని కారం తెలియదు. ఆ వరండా మూలంగానే వాళ్లలో ఆమెకు ఒక చోటు దొరికింది. ఆ సాయంత్రాల్లో అమ్మ మొహంలో ఉన్న వెలుగు నేను తర్వాతెప్పుడూ చూడలేదు.

ఆ ఆడవాళ్లందరికీ పెద్ద దిక్కు అప్పలమ్మ పెద్దమ్మ. మా నాన్నకు అన్న వరస అయినాయన భార్య, అమ్మకు తోడికోడలి వరస, కానీ అమ్మ ఆమెను గౌరవంగా అక్క అనే పిలిచేది. భారీ మనిషి. నడిచొస్తుంటే పిల్లలు గోడకి అంటుకుపోయేవాళ్లం. అమ్మోరు పండగకు మొదటి ఘటం ఆమెదే. పసుపు పూసి, వేపాకు కట్టి, నైవేద్యం నింపిన ఆ కుండ తల మీద పెట్టుకుని ఆమె ముందు నడిస్తే, వెనక మిగతా ఘటాలు వరసగా నడవాలి. వరసలో ఎవరి చోటు ఎక్కడో ఆమె చెప్పిందే చెల్లేది. అమ్మను అయిదారేళ్లు చివర్లో నడిపించి, చివరికి ఒక ఏడు తన వెనకే నిలబెట్టుకుంది. ఆ రోజు అమ్మ ఇంటికొచ్చి నాయనమ్మకు చెబుతూ ఏడ్చేసింది. మొదటి ఘటం మోసేవాళ్లకు నిష్ఠ మరీ గట్టిది. చేప, మాంసం సరే, ఒంటిపూట తిండి, చాప మీద పడక. అంతటి నిష్ఠ వీధిలో ఇంకెవరూ పట్టలేరని అందరూ అనేవారు. ఆ మాట ముందుగా అన్నది ఆమే అని నా అనుమానం.

ఒక ఏడు పండగ ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం, అమ్మ నూరిన పసుపు ఆమెకు ఇచ్చి రావడానికి వెళ్లింది. నేను వెనకాల. పెద్దమ్మ వంటిల్లు పెరట్లో రేకుల పాక. తలుపు ఓరగా ఉంది. అమ్మ తోసింది. లోపల పెద్దమ్మ గొంతుక్కూర్చుని, చద్దన్నంలో ఉప్పుచేప రుగాయ్ కలుపుకుని తింటోంది. టమాటాతో వండిన ఆ ఉప్పుచేప వాసన గుమ్మం దాకా కొట్టింది. ఎంత ఆత్రంగా తింటోందంటే, మమ్మల్ని గమనించడానికి ఆమెకు కాసేపు పట్టింది. తలెత్తి అమ్మను చూసింది. అమ్మ చీర వెనకాల ఉన్న నేను ఆమెకు కనబడలేదు. అమ్మ పసుపు గిన్నె గడప మీద పెట్టి వెనక్కి తిరిగింది. దారిలో నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుని అంది.

"నువ్వేటీ సూడనేదు."

సరే అన్నాను. రెండు రోజుల తర్వాత పెద్దమ్మ ఘటం ఎత్తింది, అమ్మ ఆమె వెనకే నడిచింది. అమ్మోరు ఎవరినీ ఏమీ అనలేదు. ఆ ఏడు తుఫాను కూడా రాలేదు.

ఆ మరుసటేడు తెలుగు కార్యక్రమంలో కొత్త అంశం ఒకటి మొదలైంది. పేరు 'ఒడ్డున కబుర్లు'. అంతకు ముందు రేడియోలో తెలుగంటే పండితుడెవరో గ్రంథంలా మాట్లాడడమే, టీ చల్లారే లోపు అందరికీ నిద్రొచ్చేది. ఇందులో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లో ఒక అత్తా కోడలూ వరండాలో కూర్చుని మాట్లాడుకుంటారు. మాటలు అచ్చం మావే. సగం తెలుగు, సగం క్రెయోల్, మధ్యలో భోజ్‌పురి తిట్టు. మొదటి వారం మా వరండాలో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. రెండో వారం పడీ పడీ నవ్వారు. ఒకే పొయ్యి మీద రెండు పూటలుగా వండుకుంటూ మాట్లాడుకోని తోడికోడళ్లు వచ్చారందులో. మా సందులోనూ అలాంటి ఇల్లుంది. ప్రసాదంలో నెయ్యికి బదులు మార్గరిన్ పోసిన పూజారి భార్య వచ్చింది. మా పూజారి భార్య ఆ సాయంత్రం టీ పూర్తిగా తాగకుండానే లేచింది. నాలుగో వారానికి నవ్వులు తగ్గాయి. ఎవరు మోస్తున్నారు మన సంగతులు అని చెవులు కొరుక్కోవడం మొదలైంది. అప్పటికి ఊళ్లో వేరే అనుమానాలు కూడా నడుస్తున్నాయి. ఇంగ్లీషు దొరలు వెళ్లిపోతే ఎవరి రాజ్యం వస్తుంది, మనం ఉంటామా పోతామా, ఎవరు ఎటు ఓటేశారు అని నాన్నా వాళ్లు బుతిక్ ముందు గుసగుసలాడుకునేవారు. కొత్త మనిషెవరైనా బస్సు దిగితే అతను మలుపు తిరిగేదాకా మాటలు ఆగిపోయేవి.

అలాంటప్పుడు ఒక రోజు బస్సు దిగాడు రేడియో అబ్బాయి. ఆ అంశం రాసేది అతనే. సన్నగా, టై కట్టుకుని, టేపు మిషను భుజాన వేలాడేసుకుని వచ్చాడు. మా సాయంకాలం తెలుగు బడి పిల్లల చేత భజన పాడించి పట్టుకెళ్తానన్నాడు. పాడినవాళ్లలో నేనూ ఉన్నాను. పాటయ్యాక నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, చల్లటి లిమొనాద్ సీసా చేతికిచ్చి, మీ ఇంట్లో పండగకు ఏం వండుతారు, ఎవరు ముందు నడుస్తారు, మీ నాయనమ్మ ఏమని పిలుస్తుంది నిన్ను అని ఒకటే ప్రశ్నలు. నాయనమ్మ రేడియోకి గుడ్డ కప్పే సంగతి చెబితే తెగ నవ్వాడు. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మ గేటు దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. ఏ ఊరు బాబూ అని అతన్ని అడిగింది. మాంటాన్ బ్లాంష్ అన్నాడు. అమ్మ మొహం విప్పారింది, మా ఊరే అంది. ఎవరి మనవడివి అని అడిగే లోపు బస్సు హారన్ కొట్టింది. అంతే జరిగింది. కానీ మలుపులో బుతిక్ అరుగు మీద కూర్చున్నవాళ్లు అమ్మ అతనితో నవ్వుతూ మాట్లాడడం చూశారు.

కొన్ని వారాలకు ఆ కబురు రేడియోలో వచ్చింది. ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఘటం మోసే పెద్దావిడ, నిష్ఠలో ఉండగా, మధ్యాహ్నం వంటింట్లో దాక్కుని ఉప్పుచేప తింది. చేప ఏమైందంటే పిల్లి తిందని చెప్పింది. వీధంతా పిల్లిని తిట్టింది. వరండాలో ఆడవాళ్లు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. వాళ్లకేం తెలుసు. నేను మాత్రం అమ్మను చూశాను. అమ్మ చేతిలో టీ గరిటె అలాగే ఉండిపోయింది. అప్పలమ్మ పెద్దమ్మ నవ్వలేదు. అమ్మ వైపు చూసి, చీర చెంగుతో మూతి తుడుచుకుని, మెల్లగా లేచి వెళ్లింది. ఆమె అలా లేచి వెళ్లడం వల్లే మిగతావాళ్లకు అర్థమైంది. భుజాలు తడుముకోకుండా కూర్చుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

తర్వాతి వారం అమ్మ గాతో పిమాలు వేయించింది. ఎవరూ రాలేదు. చల్లారినవి మేమే తిన్నాం. ఆ తర్వాతి వారం పిండి రుబ్బలేదు. పంపు దగ్గర అమ్మ వెళ్లేసరికి మాటలు ఆగేవి. మాంటాన్ బ్లాంష్ మనిషి మాంటాన్ బ్లాంష్ వాడికి చేరవేసిందని తేల్చేశారు. నాన్న ఇంట్లో అరిచాడు, నువ్వు ఆ కుర్రాడితో ఏం మాట్లాడావ్ అని. నాయనమ్మ గుడ్డ కప్పడం మరిచిపోయింది. అమ్మ దేనికీ జవాబివ్వలేదు. అదే నాకు మింగుడు పడలేదు. చెయ్యనిదానికి ఎవరైనా ఊరుకుంటారా? ఆ వంటింటి గుమ్మంలో నిలబడి చూసినవాళ్లం ఇద్దరమే. నేను ఎవరితోనూ అనలేదు, ఆ రేడియో అబ్బాయితో అసలే అనలేదు. అయితే మిగిలింది ఎవరు? ఆదివారాలు ఫ్లాక్ సంతలో అమ్మ పుట్టింటి వాళ్లు కనబడేవారు. వాళ్ల చెవిలో ఊది ఉంటుంది, వాళ్లు అతనికి చెప్పి ఉంటారు అని నాకు నేనే తేల్చుకున్నాను. అప్పటి నుంచి అమ్మ ఎవరితోనైనా గొంతు తగ్గించి మాట్లాడితే నాకు చెవులు నిక్కేవి.

పండగ వచ్చింది. అమ్మ నిష్ఠ పట్టి, ఘటం అలంకరించుకుని వెళ్లి, ఎప్పటిలా పెద్దమ్మ వెనక నిలబడింది. పెద్దమ్మ వెనక్కి తిరగనైనా తిరగలేదు.

"మీ ఇంట్లో రాద్యో ఉంది గదా. గటం దాని పక్కనెట్టుకో."

అమ్మ ఘటం తల మీద నుంచి దించకుండానే ఇంటికి తిరిగి నడిచింది. ఆ సాయంత్రం ఒడ్డున మనుషులు లేని చోట, ఒంటరిగా, నైవేద్యం సముద్రంలో కలిపి వచ్చింది. ఆ తర్వాత ఏ పండగకూ ఆమె వరసలో నిలబడలేదు. ఇండిపెండెన్సు రోజున మాత్రం వరండా మళ్లీ నిండింది. కొత్త జెండా ఎగరేయడం రేడియోలో వస్తుందని మగవాళ్లూ ఆడవాళ్లూ అందరూ వచ్చారు. నవ్వేవాళ్లు నవ్వారు, రేపేమవుతుందోనని కొందరు దిగులుగా నిలబడ్డారు. అమ్మ అందరికీ టీ ఇచ్చింది. అప్పలమ్మ పెద్దమ్మ గేటు దాటి రాలేదు, కంచె అవతల నిలబడి విన్నది. అమ్మ ఒక కప్పు అక్కడికీ పట్టుకెళ్లింది. పెద్దమ్మ అందుకోలేదు. దేశం మారింది, జెండా మారింది, మా సందు మారలేదు. కొన్నేళ్లకు పెద్దమ్మ పోయింది. అమ్మ వెళ్లి గేటు బయటే నిలబడి వచ్చింది.

ఇక టేర్ రూజ్ సంగతి. భోజనాలయ్యాక ముసలివాళ్లం అరుగు మీద చేరాం. పాత రోజుల మాటల్లో ఎవరో రేడియో ఎత్తారు. గౌరమ్మ అని ఒకావిడ, నా కంటే పెద్దది, ఉన్నట్టుండి ఉక్రోషంగా అంది.

"ఆ రాద్యోవోడు మా ఊరి కతే సెప్పేసినాడు. మా గటం మోసే ముసిల్దే ఉప్పుచేప తిన్నాది. మా అప్ప సెప్పిందని దాన్ని వీధిలోంచి ఎలేసినారు."

నాకు వెంటనే నమ్మబుద్ధి కాలేదు. ఎప్పుడు, ఏ చేప, ఎవరు చూశారు అని పోలీసులా అడిగాను. అన్నిటికీ చెప్పింది. అక్కడా రేకుల వంటిల్లే, అక్కడా మధ్యాహ్నమే. అక్కడ పిల్లి కూడా ఉందట. పక్కనున్న మాంటాన్ బ్లాంష్ ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసి మెల్లగా చెప్పింది, అది ఎవరి ఊరి కథా కాదు, ఆ అబ్బాయి సొంత అవ్వదే అని. ఊరొక్కటే సముద్రం ఒడ్డుకు మార్చాడట. ఆమెను అడిగే రాశాడు. రేడియోలో విని ఆ అవ్వ తానే నవ్విందట. మనిషిని, ఆకలేసింది, తిన్నాను అందట. మరుసటేడు కూడా మొదటి ఘటం ఆమే ఎత్తింది. ఇన్ని ఊళ్లలో ఇన్ని వంటిళ్లలో ఘటం మోసే పెద్దావిడలు అందరూ ఉప్పుచేప తిన్నవాళ్లే అన్నమాట. అందులో ఒక్కామె నవ్వింది. మిగతావాళ్లు చెప్పిందెవరని వెతికారు. ఇప్పుడు ఎవరింట్లో ఏం వండారో వాళ్లే ఫోటోలు తీసి ఊరందరికీ పంపుకుంటున్నారు, నిష్ఠ రోజుల్లో కూడా. చూసి నొసలు విరుస్తూనే ఉంటాను. కానీ ఒక ఉప్పుచేప ముక్క కోసం మనిషిని వెలేసిన ఆ రోజులు మంచివని మాత్రం నా చేత ఎవరూ అనిపించలేరు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. చూపు తగ్గింది, చెవులూ మతీ బాగానే ఉన్నాయి. టేర్ రూజ్ నుంచి వచ్చిన మర్నాడు, పెరట్లో కూర్చుని ములగాకు దూస్తుంటే, పక్కన కూర్చుని అంతా చెప్పాను. గౌరమ్మ తోడబుట్టినదాని సంగతి, ఆ అబ్బాయి అవ్వ సంగతి. ఆమె మీద పడ్డ మచ్చ ఇన్నాళ్లకు కడిగేశానని లోపల సంతోషంగానే ఉంది. అమ్మ చివరిదాకా విన్నది. దూయడం ఆపింది.

"అయితే నువ్వు సెప్పనేదా?"

నాకు అర్థం కాలేదు. నేనేం చెప్పడం అన్నాను.

"ఆ అబ్బాయి నీకు లిమొనాద్ ఇచ్చినాడు గదా. మెట్ల మీద అంతసేపు కూకున్నారు. సూసింది మనిద్దరమే. నాను సెప్పనేదు. నువ్వే సెప్పేసినావనుకున్నాను."

మరి ఒక్కసారైనా నన్ను అడగలేదేం అన్నాను.

"అడిగితే అబద్దం ఆడతావు. సిన్నపిల్లవి. నీ సేత అబద్దం ఆడించడం ఎందుకని." మళ్లీ తనే అంది. "అక్క దగ్గరకెల్లి నాను సెప్పనేదని సెప్పొచ్చును. మరెవరు అంటాది. నువ్వు సూసినావని అక్కకి తెల్దు. తెలిస్తే నిన్ను బతకనిస్తాదా. అందుకే ఊరుకున్నాను."

వరండా పోయింది, వరసలో చోటు పోయింది, నాన్న తిట్లు పడింది. అదంతా నన్ను దాచడానికి పడింది. ఆమె మౌనాన్నే నేను ఆమె తప్పుకు రుజువుగా పెట్టుకున్నాను. ఆమె చేతిలోని రెమ్మ అందుకుని నేను ఆకు దూయడం మొదలుపెట్టాను.

"మరి నువ్వెవరు సెప్పినారనుకున్నావు, ఇన్నాళ్లూ?" అని అడిగింది అమ్మ.

నా చేత అబద్ధం ఆడించకూడదని ఇన్నేళ్లు ఒక్క ప్రశ్న కూడా అడగని మనిషి, మొదటిసారి అడిగింది. పెద్దమ్మే ఎక్కడో నోరు జారి ఉంటుందనుకున్నానమ్మా అన్నాను. అమ్మ చూపు ఆనని కళ్లతో నా వైపు తిరిగి, ఇంకో రెమ్మ కోసం చేయి చాపింది.